కారు వద్దు, కారు అమ్మిన డబ్బివ్వండి

పాతబడిన లగ్జరీ ఎస్‌యూవీని ఏం చేయాలి అంటే మా సోమాజిగూడలో ఈమధ్య ఒక జవాబు తరచు వినిపిస్తోంది: ఏ అనాథాశ్రమానికో, వృద్ధాశ్రమానికో ఇచ్చేద్దాం. అమ్మబోతే ధర రావడం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతంగా ఉన్న పన్ను 40కి దిగింది. కొత్త బండి ధర తగ్గేసరికి పాతదాని ధర ఇంకా కిందికి జారింది. ఆ ధరకు అమ్ముకోవడం నామోషీ. అదే దానమైతే గౌరవానికి గౌరవం, పుణ్యానికి పుణ్యం, పైగా పన్ను మినహాయింపు అని లెక్క వేసుకుంటున్నారు. ఈ లెక్కలో మొదటిది నిజం కావచ్చు. రెండోది దేవుడికే తెలియాలి. మూడోది మాత్రం తప్పు. ఈ ఆలోచనతో నా దగ్గరికి వచ్చిన వాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. బండి ఇవ్వకండి. అమ్మి, ఆ డబ్బివ్వండి.

నేను చార్టర్డ్ అకౌంటెంటును. రాజ్‌భవన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకదాంట్లో మా ఆఫీసు. ఇటు పంజాగుట్టలో నిమ్స్, అటు ఖైరతాబాద్‌లో ఆర్టీఏ ఆఫీసు, మధ్యలో మేము. నా క్లయింట్లు రెండు రకాలు. మా బిల్డింగు సెల్లారులో గీత దాటకుండా పార్కు చేయడం సాధ్యంకాని బండ్లున్న వాళ్లు కొందరు. ఫీజు అడగడానికి నాకే మొహమాటం వేసే చిన్న ట్రస్టుల వాళ్లు కొందరు. కాబట్టి ఒకరి పుస్తకంలో విరాళమని పడిన పద్దు ఇంకొకరి పుస్తకంలో ఎలా తేలుతుందో రెండు వైపుల నుంచీ చూస్తుంటాను. కారు విషయంలో అది చాలాసార్లు ఏటేటా పెరిగే ఖర్చుగా తేలుతుంది.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. పెద్దాయన కాంట్రాక్టులు చేసి పైకొచ్చిన మనిషి. ఆయన పోయాక జర్మన్ డీజిల్ ఎస్‌యూవీ సెల్లారులో కవరు కింద ఉండిపోయింది. భార్య ఇక్కడే ఉంటారు, కూతురు డాలస్‌లో. "ఆంటీ, నాన్న బండిని ఎవరో బ్రోకరు చేతిలో పెట్టలేను. ఇక్కడైతే ఒక్క ఫోన్ చేస్తే వాళ్లే ట్రక్కు పంపించి తీసుకెళ్లిపోతారు, రసీదు ఇంటికొస్తుంది. అక్కడ అలాంటిదేం లేదా?" అని అడిగింది ఆ అమ్మాయి. ఆమె మనసులో ఉన్నది నేను లెక్కలు చూసే ఒక వృద్ధాశ్రమం. అక్కడి మేనేజరుకు ఫోన్ చేస్తే ఆయన కాసేపు తటపటాయించి, "కాదంటే ఏమనుకుంటరో గానీ మేడమ్, గంత ఎత్తు బండి మా ముసలోల్లు ఎట్ల ఎక్కుతరు? దానికి టైర్లు మారిస్తే మా రెండు నెల్ల బియ్యం పైసలు పోతయి. బండి వద్దు గానీ, ఆ పైసలేవో ఇప్పియ్యుండ్రి" అన్నాడు.

దాతలు ఎదురుగా కూర్చున్నప్పుడు ఏ ట్రస్టూ ఈ మాట అనలేదు. అందుకే వాళ్ల తరఫున నేను అంటున్నాను.

ముందు ఆ డాలస్ అమ్మాయి ప్రశ్న. అమెరికాలో కార్లు దానం చేయడం మామూలే. రేడియో స్టేషన్ల దగ్గర్నుంచి చర్చిల దాకా తీసుకుంటాయి. అయితే తామిచ్చిన కారును ఆ సంస్థే నడుపుకుంటుందని అక్కడి దాతలు సాధారణంగా అనుకోరు. మధ్యలో ఒక ఏజెన్సీ బండిని వేలానికి పంపి, తన ఖర్చులు పట్టుకుని, మిగిలింది సంస్థకు కడుతుంది. అంటే అక్కడ కూడా చివరికి చేరేది డబ్బే. ఒకప్పుడు దాతలు తమ డొక్కు కారుకు తామే పెద్ద ధర కట్టుకుని పన్ను తగ్గించుకునేవారు. అది శ్రుతి మించాక 2004లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం మార్చింది. 2005 నుంచి, 500 డాలర్లు దాటిన కారును సంస్థ అమ్మేస్తే, నిజంగా ఎంతకు అమ్ముడుపోయిందో అంతవరకే మినహాయింపు. సంస్థ తన సేవా పనికే వాడుకునే బండికి వేరే నియమం ఉంది. మనవాళ్లు అక్కడి ట్రక్కును, రసీదును చూసి ముచ్చటపడుతున్నారు. వాటి వెనకున్న వేలాన్ని, కాగితాలను చూడటం లేదు.

మన దగ్గర ఆదాయపు పన్ను చట్టం ఇంకా సూటిగా ఉంది. విరాళాల మీద 80జి అని పిలిచే మినహాయింపు కావాలంటే ఇచ్చింది డబ్బు రూపంలోనే ఉండాలి. బియ్యం బస్తాలు, దుప్పట్లు, కంప్యూటర్లు, కార్లు, వేటికీ అందులో చోటు లేదు. నోట్లయినా 2,000 రూపాయలు దాటితే కుదరదు, చెక్కో ఆన్‌లైనో కావాలి. కాబట్టి 25 లక్షల బండి ఇస్తే మినహాయింపు సున్నా. అదే బండి అమ్మి, వచ్చినదాంట్లో 10 లక్షలే చెక్కుగా ఇచ్చినా, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, ఆదాయంలో పదో వంతు పరిమితికి లోబడి, సగం అంటే 5 లక్షలు తగ్గుతాయి. 30 శాతం శ్లాబులో, సెస్సుతో కలిపి 1,56,000 రూపాయలు మిగులుతాయి. కొత్త విధానంలో ఉన్నవాళ్లకు ఎలా ఇచ్చినా ఏమీ రాదు. ఇంకో భయం కూడా పోగొడతాను. సొంతానికి వాడుకున్న కారు చట్టం దృష్టిలో మూలధన ఆస్తి కాదు, అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. అమ్మకానికి పన్ను అడ్డం అనేది వట్టి సాకు.

కంపెనీ పేరున ఉన్న బండ్ల కథ వేరు. మా వీధిలో సగం ఎస్‌యూవీలు అలాంటివే. కార్ల మీద ఏటా 15 శాతం తరుగుదల. 80 లక్షలకు కొన్న బండి 7 ఏళ్లు తిరిగేసరికి పుస్తకంలో దాదాపు 25 లక్షల 60 వేలకు దిగుతుంది. చూడబోతే, 2024లో ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో టీజీ 09 9999 అనే ఒక్క నంబరు పలికిన ధర 25.5 లక్షలు. నంబరుకు అంత పెట్టగల ఊళ్లో బండి దానం చేస్తామని వచ్చేవాళ్లు ట్రస్టును మొదట అడిగేది ఏమిటో తెలుసా? "రసీదులో నలభై లక్షలని రాయగలరా?" అని. ఆ నలభై లక్షలు ట్రస్టు పుస్తకంలో ఆస్తిగా కూర్చుంటే, మర్నాడు ఆదాయపు పన్ను అధికారికి సంజాయిషీ చెప్పుకోవాల్సింది దాత కాదు, ట్రస్టే. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే.

ఇక కాగితాలు. తాళంచెవి ఇచ్చి ఫోటో దిగితే బండి ట్రస్టుది అయిపోదు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కావాలి, ఆర్టీఏ రికార్డులో పేరు మారాలి. బ్యాంకు అప్పు తీరని బండి అయితే బ్యాంకు నుంచి నో అబ్జెక్షన్, ఫారం 35 వచ్చేదాకా ఆగాలి. అప్పుండగా ఇచ్చే బండి అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. యజమాని చనిపోయి ఉంటే వారసులు ముందు ఫారం 31తో తమ పేరు మీదికి మార్పించుకోవాలి. ఇవి ఎగ్గొట్టినవాళ్లకు సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో చెప్పిన మాట గుర్తు చేస్తాను. అక్కడ కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి యజమాని పేరునే ఉండిపోయింది. ప్రమాదం జరిగాక పరిహారానికి ఆయనే బాధ్యుడని కోర్టు తేల్చింది. మీరు ఆశ్రమానికి ఇచ్చిన బండిని డ్రైవరు రాత్రిపూట ఎక్కడో గుద్దితే నోటీసు వచ్చేది సోమాజిగూడ చిరునామాకే.

ఇచ్చామన్న మాటకూ, అందిన కాగితానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో తెలంగాణకు వేరే చెప్పాలా? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. అది గొప్ప క్షణం. అక్కడి నుంచి భూదానోద్యమం దేశమంతా పాకి, 40 లక్షల ఎకరాలకు పైగా దానమైనట్టు లెక్క తేలింది. కానీ అందులో పెద్ద భాగం పేదల చేతికి చేరనే లేదు. కొన్ని రాళ్లూ రప్పలూ, కొన్ని తగాదాల్లో ఉన్నవి, కొన్నింటికి పట్టా మారలేదు. భూదాన్ భూముల పేరుతో మన దగ్గర ఇప్పటికీ వివాదాలు నడుస్తూనే ఉన్నాయి. ఇచ్చినవాళ్ల మనసును నేను శంకించడం లేదు. ఇచ్చిన వస్తువు పుచ్చుకున్నవాడికి పనికొచ్చేలా, హక్కుగా చేరిందా లేదా అన్నది మనసుతో తేలే విషయం కాదు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న పిల్లలున్న ఇళ్లలో ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) 2010 కింద విదేశీ పౌరులు ఇచ్చింది విదేశీ విరాళమే. ఓసీఐ కార్డు ఉన్నా అంతే. రూపాయల్లో ఇచ్చినా, వస్తువుగా ఇచ్చినా అంతే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు దాన్ని ముట్టుకోకూడదు, మా చిన్న ట్రస్టుల్లో చాలావాటికి అది లేదు. ఇండియన్ పాస్‌పోర్టుతో అక్కడున్న ఎన్నారైలకు ఈ అడ్డు లేదు. డాలస్ అమ్మాయి ఇప్పుడు అమెరికన్ పౌరురాలు. తండ్రి బండికి ఆమె వారసురాలిగా దానపత్రం రాసి ఉంటే ఆ వృద్ధాశ్రమం నెత్తిన కేసు పెట్టినట్టయ్యేది. చివరికి బండిని తల్లి పేరు మీదికి మార్పించాం. ఆమె అమ్మారు, ఆమే చెక్కు రాశారు. ఆశ్రమం వాళ్లు మెట్టు ఎత్తు తక్కువున్న చిన్న వ్యాను ఒకటి కొన్నారు. మిగిలిన డబ్బు డ్రైవరు జీతానికని విడిగా పెట్టుకున్నారు.

కాగితాలన్నీ సక్రమంగా మారాయనే అనుకుందాం. అప్పుడు మొదలవుతుంది అసలు సంగతి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే బండికి లీటరుకు 9 కిలోమీటర్లు వస్తే, 95 రూపాయల డీజిల్ లెక్కన పదిన్నర వేలు. 14 వచ్చే బొలెరోకైతే దాదాపు ఆరు వేల ఎనిమిది వందలు. ఈ తేడా ట్రస్టు ఎలాగో భరిస్తుంది. దెబ్బ తీసేది సర్వీసు. వారంటీ దాటిన జర్మన్ బండికి ఎయిర్ సస్పెన్షన్ ఒక్క మూల కుంగిందంటే బిల్లు లక్షల్లో ఉంటుంది. సెన్సరు పోతే వీధి చివర మెకానిక్ చేతులెత్తేస్తాడు, కంపెనీ సర్వీసు సెంటరుకు లాక్కెళ్లాల్సిందే. ఇన్సూరెన్సు వేరు. అందుకని ఆర్నెల్లు తిప్పి, ఏదో ఒకరోజు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలగగానే షెడ్డులో పెట్టేస్తారు. దాత మళ్లీ వచ్చినప్పుడు బండి కనబడాలి కాబట్టి అమ్మలేరు. తెల్ల ఏనుగు అంటాం చూడండి, అచ్చం అదే.

షెడ్డులో పెట్టనివాళ్లు ఏం చేస్తారో చెబితే కొందరికి కోపం రావచ్చు. బండి ట్రస్టు పేరున ఉంటుంది, తిరిగేది అధ్యక్షులవారు. సంస్థ పని మీదే వెళ్తున్నామంటారు, దారిలో పెళ్లిళ్లు తగులుతుంటాయి. ట్రస్టు ఆస్తిని ట్రస్టీలు సొంతానికి వాడుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద సంస్థ పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది. లగ్జరీ బండి ఆ ఆశను గుమ్మంలోకి తెచ్చి పెడుతుంది. ఈకోలో, బొలెరోలో పెళ్లికి వెళ్లాలని ఏ అధ్యక్షుడికీ అనిపించదు.

"అంబులెన్సుగా మార్చుకోవచ్చు కదా మేడమ్?" అని ఒక పారిశ్రామికవేత్త నన్ను గట్టిగానే అడిగారు. నిమ్స్ ముందు అంబులెన్సులు వరస కట్టే చోట రోజూ తిరిగే వాళ్లకు ఈ ఊహ రావడం సహజమే. కానీ వెనక సీట్లు పీకేసి స్ట్రెచర్ పెట్టినంత మాత్రాన అంబులెన్సు కాదు. లోపల ఎంత చోటు ఉండాలి, ఏ పరికరాలుండాలి, పేషెంటును ఎలా బిగించాలి అన్నదానికి ఏఐఎస్-125 అనే ప్రమాణం ఉంది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 సర్వీసు మనకు నేర్పింది కూడా ఇదే: ప్రాణం నిలబెట్టేది బండి ఒక్కటే కాదు, అందులో ఎక్కే శిక్షణ పొందిన మనిషి, ఫోనెత్తే కాల్ సెంటరు, ఇరవై నాలుగు గంటల డీజిల్, వీటన్నిటికీ నెలనెలా అందే డబ్బు.

బండి ఇవ్వడమే తప్పని నేను అనడం లేదు. 2023లో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ సంస్థ తిరుమలకు 10 ఎలక్ట్రిక్ బస్సులు ఇచ్చింది. అవి కొత్తవి, కొండ మీద భక్తులను ఉచితంగా తిప్పడానికి కావలసినవి, నడపడానికి టీటీడీకి సిబ్బందీ డిపో వనరులూ ఉన్నాయి. పోప్ ఫ్రాన్సిస్ బెత్లెహాములో వాడిన వాహనాన్ని గాజా పిల్లల కోసం సంచార వైద్యశాలగా మార్చే పనిని 2025లో కారితాస్ అనే సేవా సంస్థ చేపట్టింది. దాని వెనక మందులు, డాక్టర్లు, అనుభవమున్న సంస్థ ఉన్నాయి. అదే పోప్‌కు 2017లో లంబోర్గిని కంపెనీ ఒక కారు బహూకరిస్తే ఏం చేశారు? మరుసటి ఏడాది వేలం వేయించారు. 7 లక్షల యూరోలకు పైగా వచ్చిన డబ్బును సేవా కార్యక్రమాలకు పంచారు. స్పోర్ట్స్ కారు ఎవరికి అక్కరకొస్తుందని వెతుకుతూ కూర్చోలేదు.

వేలం కూడా సక్రమంగా జరగాలి సుమా. కేరళలో గురువాయూర్ గుడికి 2021 డిసెంబరులో మహీంద్రా కంపెనీ కొత్త థార్ ఇచ్చింది. ఆ నెల 18న వేలం వేస్తే పాడుకోవడానికి వచ్చింది ఒక్కరే, ధర 15.10 లక్షలు. అభ్యంతరాలు వచ్చి 2022 జూన్‌లో మళ్లీ వేలం వేస్తే 43 లక్షలు పలికింది. అదే బండి, అదే గుడి. పదిమందికి తెలిసేలా పిలిచారా లేదా అన్నదే తేడా. ఇక కోవిడ్ కాలంలో ముంబై మలాడ్‌కు చెందిన ఒక యువకుడు తన ఫోర్డ్ ఎండీవర్‌ను అమ్మి ఆక్సిజన్ సిలిండర్లు కొన్నాడు. ఆ రోజుల్లో జనానికి కావలసింది ఊపిరి. అతను ఇచ్చింది అదే. ఈ ముచ్చట మా క్లయింట్లకు చెప్పినప్పుడు, అప్పటిదాకా అమ్మడం నామోషీ అన్నవాళ్లు కాస్త మెత్తబడటం చూశాను.

నామోషీ పక్కన పెడితే మిగిలేది మమకారం. దాన్ని నేను చులకన చేయను. నాన్న స్టీరింగు పట్టుకున్న బండి, ఆసుపత్రికి చివరిసారి వెళ్లిన బండి. కానీ ఆ మమకారం మీది. దాన్ని ఒక ఆశ్రమం షెడ్డులో కాపలా పెట్టి, వాళ్లను ఇన్సూరెన్సు కట్టమనడం న్యాయం కాదు. నాన్న పేరు నిలవాలంటే ఆ డబ్బుతో కొన్న వ్యాను మీద రాయించవచ్చు. ఒక నర్సు జీతం ఆయన పేరున ఏర్పాటు చేయవచ్చు.

కాబట్టి దాతలకు నా సలహా ఇది. కాగితాలు సరిచేసుకుని, ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర ధర అడిగి, మీరే అమ్మండి. అమ్మే శ్రమ, బేరం, ఆర్టీఏ చుట్టూ తిరుగుడు మీ వంతు. ఆ తిరుగుడు కూడా దానంలో భాగమే, వృద్ధాశ్రమం మేనేజరు కన్నా మీకది సులువు. వాహనమే ఇవ్వాలని పట్టుదల ఉంటే, ముందు అక్కడికి వెళ్లి ఎవరు ఎక్కుతారో, ఎవరు నడుపుతారో అడగండి. ఆ తర్వాత బండితో పాటు రెండేళ్ల ఇన్సూరెన్సు, సర్వీసు, డ్రైవరు జీతం కలిపి ఇవ్వండి. అవసరమైతే అమ్ముకోవచ్చని దానపత్రంలో రాసి ఇవ్వండి. ఫోటోకు ముందు పేరు మార్పించండి.

ట్రస్టులకు ఒక మాట. వద్దనడం నేర్చుకోండి. ఏ వస్తువులు తీసుకుంటాం, ఏవి తీసుకోం, తీసుకున్నవాటిని అమ్ముకునే హక్కు మాకుంది అని ఒక తీర్మానం రాసి గోడకు అంటించండి. దాత మొహం మీద కాదనలేని మేనేజరుకు ఆ కాగితం ఆసరా అవుతుంది. ఇప్పటికే షెడ్డులో దుమ్ము పట్టిన బండి ఉంటే, దాతకు మర్యాదగా ఉత్తరం రాసి, ఈ ఏడాదే వేలం వేయండి. ఏడాది ఆగితే ఇంకో 15 శాతం పుస్తకంలోనే కరుగుతుంది, బజారులో ఎంత కరుగుతుందో చెప్పలేం.

రవాణా శాఖకు కూడా ఒకటి. ఫ్యాన్సీ నంబర్లకు వేలం నడపడంలో మీకు ఎవరూ సాటి రారు. ఆ అలవాటుతోనే, రిజిస్టరైన సేవా సంస్థలకు వచ్చిన వాహనాలకు మూడు నెలలకోసారి ఒక బహిరంగ వేలం పెట్టండి. పేరు మార్పు అక్కడికక్కడే అయిపోవాలి, డబ్బు నేరుగా సంస్థ ఖాతాలో పడాలి. డాలస్ అమ్మాయి అడిగిన ప్రశ్నకు అప్పుడు మన దగ్గరా ఒక జవాబు ఉంటుంది. గురువాయూర్‌లో రెండోసారి పలికిన ధర చూశాక, అలాంటి వేలం సంస్థలకు ఎంత మేలు చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

అది వచ్చేదాకా నా ఆఫీసుకు రావాలనుకునే వాళ్లు తాళంచెవి తీసుకురాకండి. అమ్మకం కాగితాలు, చెక్కుబుక్కు పట్టుకుని రండి. ఏ ట్రస్టుకు 80జి ఉంది, దేనికి ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది, ఏ ఆశ్రమంలో ఈ నెల డ్రైవరుకు జీతం బాకీ పడింది అన్నది నేను చెబుతాను.